చేదాకు లోయలో

న్యూషాటెల్ సరస్సు ఒడ్డున ఎక్కిన చిన్న రైలు కాసేపటికే నీళ్ళను వదిలేసి కొండల్లోకి తిరిగింది. ఒక పక్క అరూజ్ నది కోసిన లోతైన కనుమ, ఇంకో పక్క రాతి గోడ, మధ్యమధ్య సొరంగాలు. న్వారెగ్ స్టేషన్ వచ్చేసరికి కొండలు పక్కకు జరిగి లోయ విచ్చుకుంది. స్విట్జర్లాండ్ అంటే మన సినిమా పాటల్లో చూసిన మంచుకొండలే గుర్తొస్తాయి గానీ ఇక్కడ అవి లేవు. ఇది జూరా సీమ. గుండ్రటి కొండలు, వాటి మీద నల్లగా ఫర్ అడవి, కింద పచ్చిక బయళ్ళు, ఆవుల మెడల్లో గంటలు, గడియారాల పని మీద బతికిన ఊళ్ళు. ఈ లోయ పేరు వాల్-ద-త్రావేర్. చేదాకుతో కాచే ఆబ్సింత్ అనే మద్యం పుట్టింది ఇక్కడే.

మద్యం కోసం యాత్రేమిటని ఎవరైనా అడగొచ్చు. నన్ను ఇక్కడికి రప్పించింది ఒక బొమ్మ. పారిస్‌లోని ఓర్సే మ్యూజియంలో ఎడ్గార్ దెగా 1875-76లో వేసిన చిత్రం ఒకటుంది. కెఫేలో ఒక ఆడమనిషి, ఒక మగమనిషి పక్కపక్కనే కూర్చుని ఉంటారు. ఒకరినొకరు చూసుకోరు. ఆమె ముందు పాలు కలిపినట్టున్న లేత ఆకుపచ్చ గ్లాసు. భుజాలు జారిపోయి, చూపు ఎక్కడా నిలవకుండా ఉంటుంది. 1893లో ఈ బొమ్మను లండన్‌లో ప్రదర్శనకు పెడితే పెద్ద గొడవైంది. ఆ ఇద్దరూ తాగి చెడిపోయినవాళ్ళేనని విమర్శకులు తీర్మానించేశారు. నిజానికి ఆమె ఎలెన్ ఆంద్రే అనే నటి. అతను మార్సెలాన్ దెబూతాన్ అనే చిత్రకారుడు. స్నేహితుడు అడిగితే వచ్చి కూర్చున్నారు, అంతే. గ్లాసులో ఉన్నది ఆబ్సింత్ కాబట్టి వాళ్ళు పతితులే అయ్యుండాలని జనం నమ్మారు. ఒక పానీయానికి అంత అపకీర్తి ఎలా వచ్చింది, అందులో నిజమెంత అన్నది అది పుట్టిన చోటే తెలుసుకోవాలనిపించింది. లొజాన్‌లో ఉద్యోగం చేస్తున్న మా మేనల్లుడికి ఫోన్ చేస్తే, "ఫ్రెంచి సంగతి నేను చూసుకుంటాను, మీరు బయల్దేరి రండి మావయ్యా" అన్నాడు.

ముందు కూవేలో దిగాం. ఆబ్సింత్ పుట్టుక కథంతా ఈ ఊరి చుట్టూనే తిరుగుతుంది. దాన్ని రెండు రకాలుగా చెబుతారు. 18వ శతాబ్దం చివర్లో ఇక్కడ స్థిరపడ్డ పియెర్ ఒర్డినేర్ అనే ఫ్రెంచి డాక్టరు ఈ మందు కనిపెట్టి, ఊరూరా తిరిగి రోగులకు ఇచ్చేవాడన్నది ఒక కథ. ఎక్కువ ప్రచారంలో ఉన్నది అదే. అంతకుముందే కూవేలో ఆన్రియో అనే ఇంటి పెద్దావిడ తన పెరటి మూలికలతో దీన్ని కాచి అమ్మేదని, డాక్టరు ఆమె దగ్గరే నేర్చుకున్నాడని ఇంకో కథ. నాకు రెండోదే నమ్మబుద్ధవుతుంది. అజీర్తికి, కడుపులో పురుగులకు చేదాకు కషాయం ఇవ్వడం ఐరోపాలో ఏనాటి నుంచో ఉన్న ఇంటి వైద్యం. ఇంటి వైద్యం ఎక్కడైనా ఆడవాళ్ళ చేతిలోదే.

1797లో మేజర్ దుబియే అనే ఆయన ఆ పాకం హక్కు కొనుక్కుని, కొడుకునూ అల్లుడినీ కలుపుకుని కూవేలో బట్టీ పెట్టాడు. అల్లుడి పేరు ఆన్రి-లూయీ పెర్నో. సరుకంతా ఫ్రాన్సుకే పోతుండటం, సరిహద్దులో సుంకం గట్టిగా పడుతుండటంతో 1805లో అల్లుడు సరిహద్దు దాటి పొంతార్లియే పట్టణంలో సొంత కార్ఖానా తెరిచాడు. తర్వాత నూరేళ్ళపాటు ప్రపంచమంతా తాగిన పెర్నో ఆబ్సింత్ అదే. 1830ల నుంచి అల్జీరియా యుద్ధానికి వెళ్ళిన ఫ్రెంచి సైనికులకు జ్వరాలు రాకుండా నీళ్ళలో కలుపుకోమని దీన్నే ఇచ్చారు. వాళ్ళు తిరిగొచ్చేటప్పుడు ఈ రుచిని వెంట తెచ్చుకున్నారు. పారిస్ కెఫేల్లో సాయంత్రం ఐదు గంటలకు 'ఆకుపచ్చ వేళ' అని పేరొచ్చింది. మానే, వాన్ గో, పికాసో దీన్ని గీశారు. వెర్లేన్, రాంబో తాగారు. ఈ పేర్ల చుట్టూ అల్లిన కథలు ఎన్నో ఉన్నాయి, అవి అందరికీ తెలిసినవే. మొక్క గురించి తెలిసినవాళ్ళే తక్కువ. కాబట్టి మొక్క దగ్గరికే వెళ్దాం.

బోవ్‌రెస్ అనే చిన్న ఊళ్ళో 1893లో కట్టిన ఒక కొట్టాం ఉంది. నిలువెత్తు చెక్క కట్టడం. కోసిన చేదాకును కట్టలు కట్టి లోపల తలకిందులుగా వేలాడదీసి ఆరబెట్టేవారు. ఎండ తగిలితే ఆకు రంగు పోతుంది, గాలి ఆడకపోతే బూజు పడుతుంది. అందుకే గోడలకు గాలి సందులు ఉంచి, వెలుగు మాత్రం లోపలికి రానివ్వలేదు. ఇప్పుడది మ్యూజియం. పాత రాగి బట్టీలు అందులో పెట్టారు. దగ్గర్లోనే చేదాకు మళ్ళు. నడుము ఎత్తు పెరిగే పొద. ఆకు రెండు వైపులా సన్నటి వెండి నూగు, వేలితో రాస్తే పట్టులా జారుతుంది. కొమ్మ చివర్లలో ఆవగింజకంటే కాస్త పెద్ద పసుపు పూలు తలలు వంచుకుని ఉంటాయి.

ఆకు నలిపి ముక్కు దగ్గర పెట్టుకోగానే వినాయక చవితి పత్రి బుట్ట గుర్తొచ్చింది. అందులో ఆశ్చర్యమేమీ లేదు. ఇరవయ్యొక్క పత్రాల్లో మొట్టమొదట స్వామికి పెట్టే మాచిపత్రి, కనకాంబరాల దండలో కలిపి కట్టే దవనం, ఈ చేదాకు, మూడూ ఆర్టెమీసియా అనే ఒకే ప్రజాతివి. మన పూజా మందిరంలో ఉన్నదీ, పారిస్ కెఫేలో ఉన్నదీ దాయాదులే. ఒక్క ఆకు నాలుక మీద వేసుకుని కొరికాను. నేలవేము గుర్తున్నవాళ్ళకు ఆ చేదు కొత్త కాదు. గొంతులో దిగబడి, నీళ్ళు తాగినా వదల్లేదు.

అంత చేదాకుతో చేసిన మద్యం తాగడానికి ఎలా వీలవుతుందో ఆ సాయంత్రమే తెలిసింది. అదే లోయలో బట్టీ నడుపుతున్న ఒక పెద్దాయన ఇంటికి వెళ్ళాం. డెబ్బై దాటిన మనిషి. చేతులు రైతు చేతులు. ఇంటి వెనక గదిలో రాగి బట్టీ, దాని మెడ హంస మెడలా వంగి పక్కనున్న చల్లనీళ్ళ పీపాలోకి దిగుతుంది. పని ఎలా జరుగుతుందో గోనెసంచులు విప్పి మరీ చూపించాడు. ఎండిన చేదాకు, సోంపు, పెద్ద సోంపు, చిన్న చేదాకు, హిస్సోపు, నిమ్మవాసన వచ్చే మెలిస్సా, పుదీనా. ఎవరి పాళ్ళు వాళ్ళవి. పక్కింటివాళ్ళకు కూడా చెప్పరు.

పొంతార్లియేకు చెందిన 1855 నాటి పాకం ఒకటి పుస్తకాల్లో దొరుకుతుంది. రెండున్నర కిలోల ఎండిన చేదాకు, ఐదు కిలోల సోంపు, ఐదు కిలోల పెద్ద సోంపు తీసుకోవాలి. 85 శాతం ఆల్కహాలు 95 లీటర్లలో వీటిని కనీసం పన్నెండు గంటలు నానబెట్టాలి. 45 లీటర్ల నీళ్ళు పోసి బట్టీ కింద మంట పెట్టి 95 లీటర్లు దింపుకోవాలి. మొదట వచ్చేదాన్నీ చివర వచ్చేదాన్నీ విడిగా తీసెయ్యడంలోనే పనివాడి నేర్పంతా ఉందన్నాడు పెద్దాయన. చేదును మోసే పదార్థం ఆవిరి కాదు. అది బట్టీ అడుగునే ఉండిపోతుంది. పైకి లేచి వచ్చేది వాసన ఒక్కటే. ఆకును కొరికినప్పుడు ప్రాణం పోయినంత చేదైనా, గ్లాసులో కొద్దిపాటి చేదుగా మాత్రమే మిగలడానికి కారణం ఇదే.

బట్టీలోంచి దిగేది నీళ్ళంత తేటగా ఉంటుంది. ఆకుపచ్చ ఆబ్సింత్ కావాలంటే దానిలో కొంత భాగం తీసి, చిన్న చేదాకు, హిస్సోపు, మెలిస్సా వేసి గోరువెచ్చగా ఉంచితే ఆకుల్లోని పసరు రంగు దిగుతుంది. ఆ రంగు వెలుగు తగిలితే కొన్నాళ్ళకు ఎండుటాకు రంగుకు తిరుగుతుంది. అందుకే మంచి సరుకును ముదురురంగు సీసాల్లో పోస్తారు. సీసా చిలకపచ్చగా మెరిసిపోతోందంటే అది ఆకు రంగు కాదని అనుమానించాల్సిందే.

తాగే పద్ధతి ఆయనే చూపించాడు. ఇది మాత్రం తొందరపడి చేసే పని కాదు. గ్లాసు అడుగున ఒక వేలు మందం ఆబ్సింత్. పైన చిల్లుల చెంచా అడ్డంగా పెట్టి దాని మీద ఒక చక్కెర బిళ్ళ. గాజు కూజాకున్న చిన్న కుళాయి కొద్దిగా తిప్పితే ఐసునీళ్ళు బొట్టు బొట్టుగా చక్కెర మీద పడతాయి. మొదటి బొట్లు లోపలికి దిగుతూ నూలుపోగుల్లా మెలికలు తిరిగాయి. పది, పదిహేను బొట్లు పడ్డాక అడుగున తెల్లటి మబ్బు లేచింది. అది పైపైకి ఎక్కుతుంటే, పైన మాత్రం సన్నటి పచ్చటి గీత తేటగా నిలిచి, చివరికి అదీ కరిగిపోయింది. సోంపులోని నూనె ఆల్కహాలులో కరుగుతుంది గానీ నీళ్ళలో కరగదు. నీళ్ళు పెరిగేకొద్దీ ఆ నూనె కంటికి కనిపించనంత చిన్న బిందువులుగా విడిపోయి వెలుగును చెదరగొడుతుంది. ఇందులోని శాస్త్రం అంతే. అయినా ఎన్నిసార్లు చూసినా కళ్ళు తిప్పుకోబుద్ధి కాదు. ఒక వంతు ఆబ్సింత్‌కు మూడు నుంచి ఐదు వంతుల నీళ్ళు. మొదట సోంపు తీపి, వెనకే పుదీనా చల్లదనం, మింగాక నాలుక మొదట్లో చేదు నీడ, పెదాల మీద కొద్దిగా తిమ్మిరి. భోజనానికి ముందు ఒక్క గ్లాసు, అరగంట కబుర్లు. అంతవరకే దీని మర్యాద.

చక్కెర బిళ్ళకు నిప్పంటించడం చాలామంది సినిమాల్లో చూసి ఉంటారు. అది 1990లలో చెక్ దేశం నుంచి వచ్చిన వేడుక. ఈ లోయలో గానీ పాత పారిస్‌లో గానీ ఎవరూ అలా చెయ్యలేదు. మా మేనల్లుడు ఆ మాట అడిగితే పెద్దాయన ముఖం చిన్నబుచ్చుకుని, "ఇంత కష్టపడి ఆకులోంచి వాసన తీసేది కాల్చెయ్యడానికా బాబూ?" అన్నాడు.

మర్నాడు మోతియే. 1762లో 'ఎమిల్' పుస్తకాన్ని పారిస్‌లోనూ జెనీవాలోనూ తగలబెడితే రూసో వచ్చి తలదాచుకున్న ఊరు ఇది. మూడేళ్ళ తర్వాత ఊరివాళ్ళే రాత్రిపూట ఇంటి మీద రాళ్ళు రువ్వి ఆయన్ను తరిమేశారు. ఆయన ఉన్న ఇల్లు ఇప్పటికీ ఉంది. దానికి కాస్త దూరంలో పాత జిల్లా కోర్టు. దొంగచాటుగా ఆబ్సింత్ కాచినవాళ్ళను నిలబెట్టి జరిమానాలు వేసిన కోర్టు అదే. 2014 నుంచి అందులో ఆబ్సింత్ మ్యూజియం నడుస్తోంది.

ఆ మ్యూజియంలో నన్ను ఎక్కువసేపు నిలబెట్టింది నిషేధం కథ. దాన్ని కాస్త వివరంగా చెప్పాలి.

1860ల నుంచి ఫిలోక్సెరా అనే పురుగు ఫ్రాన్సు ద్రాక్షతోటల వేళ్ళు తినేసింది. వైను ధర ఆకాశానికెక్కింది. అదే కాలంలో బీట్‌రూటు నుంచి, ధాన్యం నుంచి ఆల్కహాలు చౌకగా తయారవడం మొదలైంది. ఆబ్సింత్ ఒకప్పుడు డబ్బున్నవాళ్ళ పానీయం, ఇప్పుడు కూలీ చేతికి అందింది. 1910 నాటికి ఒక్క ఫ్రాన్సులోనే ఏడాదికి 3 కోట్ల 60 లక్షల లీటర్లు తాగేశారని లెక్క. చౌకరకాల్లో రంగు కోసం మైలుతుత్తం లాంటివి కలిపేవారు. మనుషులు పాడైపోయారు, ఇళ్ళు కూలిపోయాయి. ఇదంతా నిజం. కానీ పాడుచేసింది ఏమిటన్న దగ్గరే పొరపాటు జరిగింది. వాలెంతాన్ మాన్యాన్ అనే పారిస్ మనోవైద్యుడు చేదాకు నుంచి తీసిన చిక్కటి నూనెను జంతువులకు ఇచ్చి, వాటికి మూర్ఛలు వస్తే, ఆబ్సింత్ తాగేవాళ్ళకు వచ్చే జబ్బు వేరే తాగుబోతుల జబ్బుకంటే వేరని వాదించాడు. గ్లాసులో ఆ నూనె ఎంత ఉంటుంది, ఆల్కహాలు ఎంత ఉంటుంది అన్న లెక్క వెనకబడిపోయింది.

1905 ఆగస్టు 28న స్విట్జర్లాండ్‌లోని కొమ్యూన్యీ ఊళ్ళో జాన్ లాన్‌ఫ్రే అనే తోటకూలీ గర్భిణి అయిన భార్యనూ, ఇద్దరు పసి ఆడపిల్లలనూ తుపాకీతో కాల్చి చంపాడు. ఆరోజు అతను లీటర్ల కొద్దీ వైను తాగాడు. బ్రాందీ తాగాడు. పొద్దున రెండు గ్లాసుల ఆబ్సింత్ కూడా తాగాడు. ఊరు ఊరంతా ఆ రెండు గ్లాసులనే పట్టుకుంది. వైను తోటల మధ్య బతికే ఊరికి వైను తప్పనిపించలేదు. కొద్ది వారాల్లోనే ఆబ్సింత్‌ను నిషేధించాలంటూ 82 వేల మంది సంతకాలు చేశారు. లాన్‌ఫ్రేకు శిక్ష పడింది. కొద్ది రోజులకే జైలు గదిలో ఉరేసుకున్నాడు.

ఆ సంతకాలను నేను తేలిగ్గా తీసుకోలేను. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు కొంగు బిగించి సారా దుకాణాలను మూయించడం, అది రాష్ట్రమంతా అంటుకుని 1993 అక్టోబరు 1న సారా నిషేధం దాకా రావడం కళ్ళారా చూసిన తరం మాది. తాగొచ్చిన మొగుడి చేతిలో దెబ్బలు తిన్నవాళ్ళకు సీసాలో ఏ ఆకు ఉందో చూసే తీరిక ఉండదు. కొమ్యూన్యీ చుట్టుపక్కల సంతకం పెట్టిన తల్లుల బాధ నిజమైనదే. దూబగుంట పోరాటానికీ దీనికీ తేడా ఒక్కటే. మనవాళ్ళు తమ ఇళ్ళను కూల్చిన సారానే వేలెత్తి చూపారు. అక్కడ మాత్రం వేలు అసలు దోషి మీద నుంచి పక్కకు జరిగింది. జరపడంలో లాభం ఉన్నవాళ్ళూ ఉన్నారు. తోటలు మళ్ళీ కాపుకొచ్చి వైను అమ్ముడుపోక అల్లాడుతున్న ఫ్రాన్సులో 1907లో పారిస్ ట్రొకాడెరోలో పెద్ద సభ పెట్టారు. వైను మంచిది, ఆబ్సింత్ విషం అన్నది ఆ సభ మాట. పేదవాడు రోజూ తాగే లీటర్ల కొద్దీ వైను ఆరోగ్యం కిందికి వెళ్ళిపోయింది. ఈ అన్యాయం నాకు మింగుడుపడలేదు.

స్విట్జర్లాండ్‌లో 1908 జులై 5న ప్రజాభిప్రాయ సేకరణ జరిగితే నూటికి 63 మంది నిషేధానికి ఓటేశారు. రాష్ట్రాలవారీగా చూస్తే న్యూషాటెల్, జెనీవా మాత్రమే వద్దన్నాయి. 1910 అక్టోబరు 7 నుంచి నిషేధం అమలైంది. అమెరికా 1912లో, ఫ్రాన్సు 1915 మార్చిలో అదే దారి పట్టాయి. 1910లో ఆల్బెర్ గాంట్నర్ గీసిన పోస్టరు మ్యూజియంలో చూశాను. ఆబ్సింత్‌కు ప్రతిరూపమైన ఆకుపచ్చ వనిత నేలకొరిగి ఉంటుంది, ఆమె మీదుగా నల్లదుస్తుల పాదిరీ నిలబడి ఉంటాడు. ఈ లోయకు అది ఇంటి మనిషి చావే. చేదాకు మళ్ళు దున్నేశారు. ఆరబెట్టే కొట్టాలు ఖాళీ అయ్యాయి.

బట్టీలు మాత్రం ఆరలేదు. వంటింట్లో, కోళ్ళ గూటి వెనక, బట్టలుతికే గదిలో చిన్న చిన్న రాగి బట్టీలు రాత్రిళ్ళు వెలిగేవి. రంగు కలిపే పని మానేశారు. తేటగా ఉంటే ఏ బ్రాందీ సీసా పక్కనైనా కలిసిపోతుంది. నీళ్ళు పోస్తే పాలనీలి రంగుకు తిరుగుతుంది కాబట్టి దానికి 'నీలిది' అని ముద్దుపేరు. నేను వెళ్ళిన ఇంటి పెద్దాయన అమ్మగారు కూడా కాచేవారట. "వాసనే మాకు పెద్ద శత్రువు. సోంపు వాసన వీధి చివరిదాకా పాకేది. అందుకని పక్కవాళ్ళు పెంటగుంట కలియబెట్టే రోజు కనుక్కుని అమ్మ బట్టీ వెలిగించేది" అన్నాడు. ఎక్సైజువాళ్ళు వస్తున్నారన్న కబురు వాళ్ళకంటే ముందే ఊళ్ళోకి వచ్చేదట. పట్టుబడితే బట్టీ జప్తు, వేలల్లో జరిమానా. ఒక ముసలమ్మకు జరిమానా వేస్తే, ఇప్పుడే కట్టనా, మీరు మళ్ళీ సీసా కోసం వచ్చినప్పుడు కట్టనా అని జడ్జీనే అడిగిందని ఇక్కడ అందరూ చెప్పుకుంటారు. అడవిలో నడిచేవాళ్ళ కోసం కొన్ని ఊటల దగ్గర సీసా దాచి ఉంచే అలవాటు ఇప్పటికీ ఉంది. తాగినవాళ్ళు డబ్బులు పెట్టి వెళ్తారు.

1983లో ఫ్రాన్సు అధ్యక్షుడు మితెరాన్ న్యూషాటెల్ వస్తే, విందు చివర వడ్డించిన చల్లటి తీపిలో ఆబ్సింత్ కలిపారని తెలిసి పెద్ద గొడవే అయింది. పోలీసులు దర్యాప్తు చేశారు. చివరికి 2005 మార్చి 1న నిషేధం ఎత్తేశారు. దాదాపు 95 ఏళ్ళు. మూడు తరాలు చట్టాన్ని తప్పించుకుని ఒక రుచిని పట్టి ఉంచాయి. ఇందులో చాలావరకు ఆడవాళ్ళ పనేనని విన్నప్పుడు, కథ మొదట్లోని ఆన్రియో పెద్దావిడ మీద నాకు నమ్మకం ఇంకా పెరిగింది.

నిషేధానికి ముందరి ఆబ్సింత్‌లో మతి పోగొట్టే విషం నిజంగానే ఉండేదా అన్నది కూడా ఇప్పుడు తేలిపోయింది. ఆ కాలం నాటి సీలు తియ్యని 13 సీసాలను పరీక్షించి 2008లో ఫలితాలు అచ్చువేశారు. చేదాకులో ఉండే తుజోన్ అనే పదార్థం లీటరుకు సగటున 25 మిల్లీగ్రాములు. ఇప్పుడు ఐరోపా చట్టం ఒప్పుకునే హద్దు 35. మనిషికి ఆ తుజోన్ హాని చెయ్యాలంటే అంతకుముందే ఆల్కహాలు ఆ పని పూర్తిచేసేస్తుంది. ఆబ్సింత్ 45 నుంచి 70 శాతం పైదాకా ఆల్కహాలు ఉన్న ఘాటు మద్యం. ప్రమాదం అక్కడుంది. దెయ్యాలు కనిపిస్తాయనీ, కవిత్వం పొంగుతుందనీ అమ్మే సీసాలను నమ్మకండి.

మూడో మజిలీ సరిహద్దుకు అవతల. లె వెర్రియేర్ ఊరు దాటితే ఫ్రాన్సు. 1871 ఫిబ్రవరి మంచులో ఓడిపోయిన ఫ్రెంచి సేన, 87 వేల మంది, ఆకలితో చలితో ఇదే దారిన స్విట్జర్లాండ్‌లోకి వచ్చి ఆయుధాలు అప్పగించింది. ఇప్పుడు కస్టమ్స్ చావడి దగ్గర కారు వేగం తగ్గించడం తప్ప ఎవరూ అడగలేదు. అక్కడ నుంచి పొంతార్లియే కాసేపే.

దూ నది ఒడ్డున పెర్నో కార్ఖానా ఉన్న చోటు చూడాలని పట్టుబట్టాను. 1901 ఆగస్టు 11 ఆదివారం. దాని మీద పిడుగు పడి మంటలు లేచాయి. లోపల తొట్ల నిండా మద్యం. పేలిపోతే పట్టణం తగలబడిపోతుందని ఒక పనివాడు తొట్ల మూతలు విప్పి ఆబ్సింత్‌ను నదిలోకి వదిలేశాడు. మంటలు రోజుల తరబడి ఆరలేదు. రెండు రోజులకు, పదిహేను కిలోమీటర్ల లోపు దూరంలో లూ అనే వేరే నది కొండ గుహలోంచి పుట్టే చోట ఆంద్రే బెర్తెలో అనే ఆయనకు నీళ్ళలో ఆబ్సింత్ వాసన తగిలింది. లూ నది నీళ్ళు దూ నది నుంచే భూగర్భంలో నడిచి వస్తున్నాయని అప్పుడు తెలిసింది. తర్వాత 1910లో మార్తెల్ అనే గుహల పరిశోధకుడు దూ నదిలో రంగు కలిపి ఆ సంగతి రుజువు చేశాడు. మేమూ లూ పుట్టిన చోటికి వెళ్ళాం. సున్నపురాతి కొండ నోరు తెరిచినట్టుంది గుహ. అందులోంచి నది పుట్టీ పుట్టకముందే నిండుగా దూకుతుంది. చిత్రకారుడు కూర్బే 1864లో ఈ గుహను మళ్ళీ మళ్ళీ గీశాడు. ఆ చప్పుడులో మాట వినబడదు.

నిషేధానికి ముందు పొంతార్లియేలో ఇరవైకి పైగా బట్టీలుండేవి. 1915తో అన్నీ మూతపడ్డాయి. పెర్నో కార్ఖానా నెస్లే చేతికి వెళ్ళింది. చేదాకు తీసేసి సోంపు మాత్రం ఉంచిన పానీయాలు ఆ ఖాళీని నింపాయి. ఫ్రాన్సులో అందరూ తాగే పాస్తిస్ అలా వచ్చిందే. ఇప్పుడు పట్టణంలోనూ దాని పక్కనా రెండు పాత బట్టీలు మళ్ళీ ఆబ్సింత్ దింపుతున్నాయి. ఒకటి 1890లో పెట్టిన గీ వారిది. రెండోది ఎమిల్ పెర్నో కొడుకుల పేరుతో నడుస్తోంది. అక్టోబరులో ఆబ్సింత్ పండగ చేస్తారు. రుచి మాటకొస్తే ఫ్రెంచివాళ్ళది చేదు కొంచెం ఎక్కువ, ఆకు వాసన ముదురు. లోయలోని నీలిది మెత్తన, పూల వాసన. నా ఓటు నీలిదానికే.

స్విస్ లోయవాళ్ళు ఆబ్సింత్ అన్న పేరు తమదేనని, ఇంకెక్కడా వాడకూడదని చట్టబద్ధంగా రక్షణ తెచ్చుకోబోతే 2014లో ఫెడరల్ అడ్మినిస్ట్రేటివ్ కోర్టు కొట్టేసింది. అది ఒక ఊరి పేరు కాదు, అందరూ వాడే సరుకు పేరు అన్నది కోర్టు మాట. చట్టం ప్రకారం సరేననుకున్నా, వాళ్ళ బాధ నాకు అర్థమైంది. నిషేధంలో జరిమానాలు కట్టింది వాళ్ళు. పేరు తిరిగొచ్చాక రంగునీళ్ళు కలిపి ఎవరుపడితే వాళ్ళు అమ్ముకుంటున్నారు.

ఈ దారి వెంట వెళ్ళాలనుకునేవాళ్ళకు నాలుగు మాటలు. జులై, ఆగస్టుల్లో వెళ్తే మళ్ళలో చేదాకు పూతకొచ్చి కనబడుతుంది. త్రావేర్ ఊరి దగ్గర 1986 దాకా నడిచిన తారు గనిని చూడండి. మాంసం తినేవాళ్ళయితే కాగితాల్లో చుట్టి మరిగే తారులో ఉడికించిన హ్యామ్ అక్కడ తినండి. ఊళ్ళన్నీ రైలు దారి మీదో, దానికి నడిచి వెళ్ళేంత దగ్గరలోనో ఉన్నాయి కాబట్టి లోయలో కారు వద్దు. రుచి చూశాక స్టీరింగ్ అస్సలు పట్టుకోవద్దు. నిప్పు అంటించే చోట తాగొద్దు. ఒక గ్లాసుతో ఆపేయండి. సీసా కొనేముందు లేబుల్ మీద శాతం చూసుకోండి. 70 దాటిన మద్యాన్ని విమానంలో చేతిసంచిలోనే కాదు, లగేజీలో కూడా ఒప్పుకోరు.